అడుగక మిగిలిన ప్రశ్న

పెద్దలకు అవసానకాలము సమీపించినదని తెలిసినప్పుడు మన యిండ్లలో జరుగు తంతు అందరును ఎరిగినదే. దూరపు ఊళ్లకు కబుర్లు పోవును. బంధువులు వత్తురు, శిష్యులు వత్తురు. మంచము చుట్టును కుర్చీలు చేరును. కిటికీ ప్రక్క బల్లపై బత్తాయిపండ్లు పేరుకొనును. వచ్చినవారు వానలను గూర్చి, రైళ్ల ఆలస్యమును గూర్చి, వైద్యుని హస్తవాసిని గూర్చి మాటలాడుదురు. రోగికి శ్రమ కలుగరాదని ఎవరికి వారే జాగ్రత్తపడుదురు. ఆ జాగ్రత్తలో, ఆయనను మాత్రమే అడుగదగిన మాట, ఆయన మాత్రమే చెప్పగలిగిన మాట, గొంతు దాటక నిలిచిపోవును.

మా విషయమున అట్లే జరిగినది. మాకు ఛందస్సును వ్యాకరణమును నేర్పిన గురువుగారి యొద్ద తిక్కనగారి శాంతిపర్వము ప్రతి యొకటి యుండెడిది. అట్టలు ఊడి, దారముతో కుట్టబడిన పాత పుస్తకము. అందు కొన్ని పద్యముల ప్రక్కన పెన్సిలుతో చిన్న సున్న చుట్టబడియుండెను. మరికొన్నింటి ప్రక్కన సున్నలో చుక్క పెట్టబడియుండెను. మేము విద్యార్థులుగా నున్న దినములనుండియు ఆ గుర్తులను చూచుచునే యుంటిమి. ఎప్పుడైన అడుగవచ్చుననుకొంటిమి. గురువుగారు మంచము పట్టిన తరువాత ఇరువది దినములు ప్రతి సాయంకాలమును వారి యింటికి పోయితిమి. ఒకనాడు వారే చేయి చాచి గూటిలోని పుస్తకమును తీయించి మా చేతిలో పెట్టి, ఉంచుకొమ్మనిరి. మేము కన్నుల కద్దుకొంటిమి. కంట నీరు పెట్టుకొంటిమి. పుస్తకము విప్పి, ఈ సున్న యేమి, ఈ చుక్క యేమి యని మాత్రము అడుగమైతిమి. మాటలాడిన దగ్గు వచ్చునని భయపడితిమి. మూడవనాడు వారు కన్నుమూసిరి.

ఆ గుర్తులు పాఠము సందేహాస్పదమైన చోట్లా, వారికి ప్రియమైన పద్యములా, లేక వారికిని అర్థము తేలనివా? పండితులకు చూపితిమి. ఒక్కొక్కరు ఒక్కొక్క సిద్ధాంతము చెప్పిరి. దేనికిని పుస్తకము పూర్తిగా లొంగలేదు.

ఈ పొరపాటు మా యొక్కరిదే కాదనియు, ఇంతకంటె నెంతో పెద్ద గురువు శయ్య ప్రక్కన, మాకంటె నెంతో మంచి శిష్యుడొకడు ఇట్టిదే చేసెననియు తరువాత తెలిసినది. ఆ శిష్యుడు ఆనందుడు. ఆ గురువు గౌతమ బుద్ధుడు. ఆ వృత్తాంతమును చెప్పుటకే ఈ ప్రసంగమును ఉద్దేశించితిమి.

బుద్ధుని చివరి ప్రయాణము పాలిభాషలోని దీఘనికాయమున పదునారవదియైన మహాపరినిబ్బాన సుత్తములో సవిస్తరముగ నున్నది. ఆయన నిర్యాణము ఏ యేట జరిగినదో పండితు లేకీభవింపలేదు. సింహళ సంప్రదాయము క్రీ.పూ. 544 అనుచున్నది; ఆ లెక్కనుబట్టియే 1956లో మన దేశమున 2500వ బుద్ధజయంతి జరుపబడినది. చరిత్రకారులు చాలకాలము 483 అనిరి. ఇటీవలివారు పెక్కురు క్రీ.పూ. 400 ప్రాంతమునకు దింపుచున్నారు. సంవత్సర మెట్లున్నను, ఎనుబదియేండ్ల వృద్ధుడు రోగగ్రస్తుడై కాలినడకను ఊరూర ఆగుచు పోయిన ఆ త్రోవ మాత్రము గ్రంథములో అడుగడుగున కనబడుచున్నది. వెంట నున్నవాడు ఆనందుడు.

ఆనందుడు బుద్ధునకు పినతండ్రి కుమారుడు. ఇరువదియైదేండ్లు నీడవలె వెన్నంటి సేవించినవాడు. ఆ సేవకు ఒప్పుకొనునప్పుడు అతడు ఎనిమిది షరతులు పెట్టెనని వ్యాఖ్యానములు చెప్పుచున్నవి. నాలుగు వద్దనునవి: తనకు వచ్చిన మేలైన వస్త్రమును గాని భిక్షాన్నమును గాని గురువు తనకీయరాదు, తన గదిలో చోటీయరాదు, తనకు వచ్చిన విందు పిలుపులకు తన్ను వెంటబెట్టుకొని పోరాదు. సేవ లాభమున కొరకని లోకులు అనకుండుటకు ఈ కట్టుబాటు. మిగిలిన నాలుగును కోరికలు. తాను అంగీకరించిన పిలుపునకు గురువు రావలెను. దూరమునుండి వచ్చినవారిని వెంటనే ఆయన కడకు తీసికొనిపోవు హక్కు తనకుండవలెను. తాను లేనప్పుడు చెప్పిన ధర్మమును తనకు మరల చెప్పవలెను. సందేహము కలిగినప్పుడెల్ల అడుగుటకు తనకు అనుజ్ఞ యుండవలెను. ఈ చివరి షరతును పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. అడుగు హక్కును ముందుగనే వ్రాతకోతలవలె సంపాదించుకొన్న శిష్యుడు ఇతడు.

వైశాలికి సమీపమున బేలువ గ్రామములో ఆ సంవత్సరపు వర్షావాసము. అక్కడ బుద్ధునకు ప్రాణాంతకమైన బాధ వచ్చి, ఎట్లో తగ్గినది. కోలుకొని వెలుపల నీడలో కూర్చున్న గురువును చూచి ఆనందుడు తన మనస్సు విప్పెను. తమరికి జబ్బు చేసినప్పుడు నా కాళ్లు చేతులు ఆడలేదు, దిక్కులు తెలియలేదు. సంఘమును గూర్చి ఏదో యొకటి చెప్పక తమరు పోరను ధైర్యము మాత్రము నిలిపినది అను తాత్పర్యముతో మాటలాడెను. ఎంత సహజమైన మాట! ఏదో రహస్యము ఇంకను చెప్పక దాచియుంచిరనియు, చివరి క్షణమున దానిని చెప్పుదురనియు అందరమును అనుకొందుము.

దానికి బుద్ధుడిచ్చిన సమాధానములో ఆచార్యముష్టి యను మాట యున్నది. అనగా గురువు బిగించి పట్టిన పిడికిలి. ఈ మాట మన పల్లెలవారికి వ్యాఖ్య లేకయే అర్థమగును. సాముగరిడీ నేర్పు గురువు పట్లన్నియు నేర్పి యొక్క పట్టు తనయొద్ద నుంచుకొనును. శిష్యుడు ఎదురు తిరిగిననాడు దానితో పడవేయుటకు. పసరువైద్యుడు వేరు పేరు చెప్పక, ప్రాణము పోవునప్పుడు పెద్దకొడుకు చెవిలో చెప్పును. ఒక్కొక్కప్పుడు కొడుకు పొరుగూరినుండి వచ్చులోపల వైద్యుడు పోవును, వేరును పోవును. బుద్ధుడు తనకట్టి పిడికిలి లేదనెను. లోపలివారికొకటి వెలుపలివారికొకటి యనక అంతయు విప్పి చెప్పితిననెను. సంఘము నన్నాశ్రయించి యున్నదని తలచువాడు కదా సంఘమును గూర్చి వీలునామా వ్రాయవలసినది, నేనట్లు తలచలేదనెను. తన శరీరమును తోలుపట్టెలతో కట్టి నడిపించుచున్న పాతబండితో పోల్చి చెప్పుకొనెను.

తరువాత, మీకు మీరే దీపమై, మీకు మీరే ఆశ్రయమై యుండుడని బోధించెను. పాలిలోని దీప శబ్దమునకు రెండర్థములు గలవు: దీపము, ద్వీపము. దీపమనుట లోకమున ప్రసిద్ధమైనది. మాకు మాత్రము ద్వీపమను అర్థమే మిక్కిలి నచ్చును. గోదావరి లంకలలో కాపురముండువారిని అడుగుడు. వరద వచ్చినప్పుడు మనుష్యుడు వెదకునది వెలుగు కాదు, కాలు నిలుచు మెట్ట. ఆనందుని వంటివానికి గురువే మెట్టగా నుండెను. ఆ మెట్ట కరగిపోవుచున్నది. నీ కాలిక్రింద నీ మెట్ట యున్నదా యని గురువు అడుగుచున్నాడన్నమాట.

ఈ పాఠమును ఆనందుడు విన్నది ఒక్క బేలువలోనే కాదు. శారిపుత్రుడు గతించిన వార్త వచ్చినప్పుడు ఇట్లే జరిగినట్లు సంయుత్తనికాయము చెప్పుచున్నది. చుందుడను పేరుగల బాలభిక్షువు శారిపుత్రుని పాత్రను, చీవరమును తెచ్చి చూపినాడు. ఆనందుడు వానిని చూచి మత్తు మందు త్రాగినవానివలె తూలిపోయినాడు. అప్పుడు బుద్ధుడు వేసిన ప్రశ్న మిక్కిలి సూటియైనది. శారిపుత్రుడు పోవుచు నీ శీలమును తీసికొనిపోయెనా, నీ సమాధిని తీసికొనిపోయెనా, నీ ప్రజ్ఞను తీసికొనిపోయెనా యని అడిగెను. లేదు, కాని అతడు నాకు మంచి చెప్పెడివాడు, ఉత్సాహము కలిగించెడివాడు, అదే తలచుకొనుచున్నానని ఆనందుడు చెప్పెను. ఈ జవాబులో తప్పేమియు లేదు. దుఃఖమునకు ఇంతకంటె నిజాయితీగల కారణము మాకు తోచదు. పోయినది మనలోని విద్య కాదు. ఆ విద్యను మాటిమాటికి నిద్రలేపు గొంతు.

బేలువనుండి ప్రయాణము సాగి పావాపురము చేరినది. అక్కడ చుందుడను కమ్మరి భోజనము పెట్టెను. (ఇందాకటి బాలభిక్షువు వేరు, ఇతడు వేరు.) ఆ భోజనములోని సూకరమద్దవ మనునది పందిమాంసమా, పుట్టగొడుగులా, ఒక విధమగు దుంపయా యని పండితులు నేటికిని వాదించుకొనుచున్నారు, మనకా చర్చ యక్కరలేదు. ఆ భోజనము తరువాత రక్తగ్రహణి పట్టుకొన్నది. త్రోవలో నిలువలేని స్థితిలో బుద్ధుడు ఆనందుని పిలిచి చెప్పినది ఔషధమును గూర్చి కాదు, ఆ కమ్మరిని గూర్చి. నీయన్నము తిని తథాగతుడు పోయెనని లోకులు చుందుని ఆడిపోసికొందురు, అతడును కుమిలిపోవును. కనుక నీవు పోయి, జ్ఞానోదయమునకు ముందు తిన్న భిక్షయు, నిర్యాణమునకు ముందు తిన్న భిక్షయు ఫలమున సమానములని నా నోట విన్నట్లు అతనితో చెప్పుమనెను. అన్నము పెట్టినవానికి నింద రాకూడదని, ప్రాణము పోవుచున్న వేళ ఒక మనుష్యుడు తలచుట! ఈ గ్రంథములోని సిద్ధాంతభాగములను మరచినవారును ఈ ఘట్టమును మరువలేరు.

కుశీనగరము మల్లుల పట్టణము. నేడది ఉత్తరప్రదేశములో నున్నది; అక్కడి శిథిలములలో శయనించియున్న పెద్ద బుద్ధవిగ్రహమును 1876లో కార్లైల్ అను పురావస్తుశాఖవాడు వెలికి తీసెను. ఆనందునకు ఆ చోటు నచ్చలేదు. మట్టిగోడల చిన్న ఊరిలో కన్నుమూయుట యేల, చంప యున్నది, రాజగృహ మున్నది, శ్రావస్తి, సాకేతము, కౌశాంబి, వారణాసి యున్నవి, అక్కడ పెద్దలు ఘనముగ సంస్కారము చేయుదురని వేడుకొనెను. మరియొకటి అడిగెను: దేహమును ఏమి చేయవలెను? మీరు దానిని గూర్చి చింతింపవలదు, మీ పని మీరు చూచుకొనుడు, గృహస్థులు ఆ పని చేయుదురని గురువు చెప్పెను. ఇంత వివరముగ అడిగిన ఆనందుడు మరికొంతసేపటిలో అడుగవలసినదానిని అడుగలేదు. దహనమును గూర్చిన ప్రశ్న నోటికి సులభముగ వచ్చును. మా గురువుగారి విషయముననే చూచితిమి: ఏ ఘట్టమునకు తీసికొనిపోవలెనో, ఎవరికి ముందు తెలుపవలెనో పదిమందియు ముందుగనే నిశ్చయించిరి.

జంట సాలవృక్షముల నడుమ పడక వేసి గురువును పరుండబెట్టిన తరువాత ఆనందుడు కనబడలేదు. విహారములోనికి పోయి తలుపుకొయ్యను పట్టుకొని యేడ్చుచుండెను. నేనింకను నేర్చుకొనుచునే యున్నాను, చేయవలసినది మిగిలియున్నది, నాయందు దయగల నా గురువు పోవుచున్నాడు అను భావముతో. బుద్ధుడు, ఆనందుడెక్కడ యని అడిగి పిలిపించెను. ప్రియమైనవానినుండి ఎడబాటు తప్పదని ఎన్నిమారులు చెప్పలేదని మందలించెను. ఆ వెంటనే, ఇంతకాలము నీవు మనసా వాచా కర్మణా ఎంతో ప్రేమతో సేవించితివి, ఇక ప్రయత్నము చేయుము, త్వరలోనే విముక్తుడవగుదువని చెప్పెను. అంతటితో ఆగక, తక్కిన భిక్షువులవైపు తిరిగి ఆనందుని సుగుణములను వివరించెను. పోవువాడు ఉండువానికి నలుగురిలో మాట దక్కించి పోవుట యిది. ఇదెంత అవసరమైనదో ముందు కథలో తెలియును.

ఆ రాత్రియే సుభద్రుడను పరివ్రాజకుడు వచ్చెను. వృద్ధుడు. మనస్సులో సందేహ మొకటి యున్నది, ఈ రాత్రి దాటినయెడల తీర్చువాడు లేడు. లోపలికి పోనిమ్మని మూడుమారులు వేడుకొనెను. మూడుమారులును ఆనందుడు అడ్డుపడెను: భగవానుడు అలసియున్నాడు, శ్రమపెట్టవలదు. మంచము ప్రక్కన కూర్చున్న మనమందరము చెప్పు మాట యిదియే. అందులో ప్రేమ యున్నది. కాని లోపల పరుండినవాడు ఆ సంభాషణను వినెను. అతనిని రానిమ్ము, నన్ను విసిగించుటకు రాలేదు, తెలిసికొనుటకు వచ్చినాడు, చెప్పినదానిని వెంటనే గ్రహించునని అనెను. సుభద్రుడు బుద్ధుని యెదుట చేరిన కడపటి శిష్యుడైనాడు.

దూరమునుండి వచ్చినవారిని వెంటనే గురువు కడకు తీసికొనిపోవుదునని షరతు పెట్టినవాడే ద్వారమున కడ్డుపడెను చూడుడు! రోగి శ్రమను గూర్చి మనము పడు ఆందోళనలో సగము మన భయమే యనిపించును. ప్రశ్న వేసినచో ఆయన పోవుచున్నాడని మనము ఒప్పుకొన్నట్లగును. మన భారతములో ధర్మరాజును ఆపినది మరియొకటి, సిగ్గు. బంధువులను చంపించి రాజైనవాడు అంపశయ్యపై నున్న తాత ముఖమును ఎట్లు చూడగలడు? ఆయనతో కూడ విద్యలన్నియు అస్తమించును, పోయి అడుగుమని ప్రేరేపించినవాడు శ్రీకృష్ణుడు. బాణముల బాధలో మాట రాదని భీష్ముడనగా ఆ బాధను తీసివేసినవాడును ఆయనయే. వారి ప్రశ్నోత్తరములే శాంత్యానుశాసనిక పర్వములై తిక్కనగారి చేతిలో తెలుగైనవి. ధర్మరాజు సిగ్గుపడి నిలిచిపోయినయెడల ఆ రెండు పర్వములు లేవు.

ఇక అసలు ఘట్టము. నేను పోయిన తరువాత మనకు గురువు లేడనుకొనవలదు, నేను చెప్పిన ధర్మమును వినయమును మీకు గురువని చెప్పుచు, బుద్ధుడొక మాట విడిచిపెట్టెను: సంఘము కోరినచో చిన్న చిన్న నియమములను తీసివేయవచ్చును. అంతే. ఏవి చిన్నవి? ఆనందుడు ప్రక్కనే యున్నాడు. అడుగలేదు.

కొంతసేపటికి బుద్ధుడు భిక్షువులందరిని ఉద్దేశించి, ఎవరికైన సందేహమున్నయెడల ఇప్పుడే అడుగుడు, ఎదుట నుండియు అడుగమైతిమని తరువాత విచారపడవలదనెను. ఎవరును మాటలాడలేదు. రెండవమారు అడిగెను. మూడవమారు అడిగెను. అప్పుడును నిశ్శబ్దమే. గౌరవముచేత అడుగలేకున్నచో స్నేహితుడు స్నేహితునకు చెప్పవచ్చుననియు సూచించెను. పెదవి విప్పలేనివాని సంకోచమును ఇంతగా కనిపెట్టిన గురువును తలచుకొన్నప్పుడెల్ల మా కన్ను ఆ పాత పుస్తకముపైకి పోవును. పుస్తకమును మా చేతిలో పెట్టిననాడు గురువుగారును ఆ విధముగనే అవకాశ మిచ్చిరేమో!

ఇంతమందిలో ఒక్కనికిని సందేహము లేకపోవుట ఎంత ఆశ్చర్యమని ఆనందుడు ఆనందపడెను. నీవు విశ్వాసముచే అట్లనుచున్నావు, నాకు తెలిసియే యున్నదని బుద్ధుడు చెప్పి, ఈ ఐదువందలమందిలో అందరికంటె వెనుకనున్నవాడును దారి తప్పిపోడని ధైర్యము చెప్పెను. ఆ వెనుకనున్నవాడు ఆనందుడేయని వ్యాఖ్యాతల మాట.

ఏథెన్సు నగరపు చెరసాలలో క్రీ.పూ. 399లో సోక్రటీసు చివరి దినమున జరిగినది దీనికి ప్రక్కన పెట్టి చూడదగినది. విషపాత్ర సాయంకాలము వచ్చును. ప్రొద్దుటినుండి ఆత్మ అమరత్వమును గూర్చి చర్చ. సిమ్మియాసు, సెబీసు అను ఇద్దరు తమలో తాము గుసగుసలాడుచుండిరి. సోక్రటీసు దానిని చూచి, మీకు సందేహమున్నయెడల దాచవలదనెను. ఇట్టి సమయమున బాధపెట్టుట యేలయని వెనుకాడిన ఆ యువకులు, ఆయన బలవంతముపై ఆక్షేపణలు చెప్పిరి. ఆ ఆక్షేపణలు ఎంత బలమైనవనగా అందరి ధైర్యమును సడలినది. అప్పుడే చర్చ నిజముగ ఆరంభమైనది. ఆ ప్రసంగము మనకు మిగిలినది ఆ ఇద్దరి గుసగుసవలననే. దానిని గ్రంథస్థము చేసిన ప్లేటో, ఆనాడు తనకు జబ్బుగ నుండినదనియు, తానక్కడ లేననియు ఒక పాత్ర నోట చెప్పించినాడు.

కుశీనగరమున గుసగుసయును లేకపోయెను. సమస్తమును నశించునదేయని, ఏమరుపాటు లేక సాధింపుడని కడపటిమారు చెప్పి బుద్ధుడు ధ్యానమగ్నుడై పరినిర్వాణము పొందెను. అమరావతి శిల్పములలో మన కృష్ణాతీరపు శిల్పులు ఈ ఘట్టమునకు పరుండిన మూర్తిని చెక్కక ఒక్క స్తూపమును చెక్కి ఊరుకొనిరి. సింహళమున పొలొన్నరువలో పన్నెండవ శతాబ్దపు శిల్పులు శయనమూర్తి ప్రక్కన చేతులు కట్టుకొని నిలిచిన మూర్తిని చెక్కిరి. అది శోకించుచున్న ఆనందుడేయని లోకులు చాలకాలము నమ్మిరి. ఇప్పటి పండితులలో పెక్కుమంది అదియును బుద్ధుడే యనుచున్నారు. ఆ ముఖమును చూచినవారికి ఆనందుడే తలపునకు వచ్చుట వింత కాదు.

అడుగక విడిచిన ప్రశ్న ఊరకపోలేదు. ఆ సంవత్సరమే రాజగృహమున మహాకాశ్యపుని అధ్యక్షతను ఐదువందల భిక్షువులు ధర్మమును స్థిరపరచుటకు సమావేశమైరి. వినయపిటకములోని చుల్లవగ్గ గ్రంథమున ఆ వృత్తాంత మున్నది. చిన్న నియమములను తీసివేయవచ్చునని గురువు చెప్పినట్లు ఆనందుడు సభకు తెలిపెను. ఏవి చిన్నవని అడిగితివాయని స్థవిరులు ప్రశ్నించిరి. అడుగలేదనెను. నాలుగు మహాపరాధములు తప్ప తక్కినవన్నియు చిన్నవేయని కొందరనిరి. వానితో మరి పదుమూడు చేర్చవలెనని కొందరనిరి. ఒక్కొక్కరు ఒక్కొక్క గీత గీసిరి. మా పండితులు గుర్తుకు రాక మానరు! తుదకు మహాకాశ్యపుడు, గురువు చితిపొగ యున్నంతవరకే వీరు నియమములు పాటించిరని లోకులందురు గనుక, దేనిని తీసివేయవలదని తీర్మానింపజేసెను. ఒక్క ప్రశ్న అడుగబడనందున ఏ నియమమును కదలలేదు.

ఆనందునిపై ఐదు అభియోగములు మోపబడినవి. చిన్న నియమము లేవో అడుగకపోవుట వానిలో మొదటిది. గురువు వస్త్రమును కుట్టునప్పుడు కాలితో త్రొక్కెననునదియు, స్త్రీలను సంఘమున చేర్చుకొనుటకు పట్టుబట్టెననునదియు కలవు. ఆనందుని సమాధానము ప్రతిదానికిని ఒక్క తీరే: మరపుచే అడుగలేదు, ఇది దోషమని నాకు తోచదు, అయినను మీయందలి విశ్వాసముచే ఒప్పుకొనుచున్నాను. స్త్రీల విషయమున కూడ అతడట్లే చెప్పెను. తలవంచినాడు గాని తన అభిప్రాయమును విడువలేదు. గురువు తలుపువెనుకనుండి పిలిపించి నలుగురియెదుట మెచ్చుకొన్న మెప్పు, ఆ దినమున ఆ యొంటరి మనిషికి ఎంత ఆసరా అయినదో!

ఈ అభియోగములకు ముందు ఒక రాత్రి యున్నది. సభ తెల్లవారి జరుగవలెను. చేరువారందరును అర్హతులు, ఆనందుడొక్కడే ఇంకను నేర్చుకొనువాడు. అట్టివాడు సభకు పోవుట తగదని అతనికే తోచినది. రాత్రి చాలభాగము ధ్యానములో గడపెను. ఏమియు కాలేదు. తెల్లవారుచుండగా, కొంచెము విశ్రమింతమని ప్రక్కమీదికి ఒరిగెను. పాదములు నేలను విడిచినవి. తల యింకను దిండును తాకలేదు. ఆ నడిమి క్షణమున అతని మనస్సు విముక్తమైనదని గ్రంథము చెప్పుచున్నది. ఇరువదియైదేండ్ల సాన్నిధ్యములో కానిది, గురువు లేని రాత్రి, ప్రయత్నమును కూడ సడలించిన వేళ అయినది. దీనికి వ్యాఖ్యానము చేయుటకు మాకు అర్హత లేదు.

సభలో ఉపాలి వినయమును చెప్పిన తరువాత, ధర్మమును చెప్పుటకు ఆనందుని పిలిచిరి. బ్రహ్మజాల సూత్రము ఎక్కడ చెప్పబడెనని మహాకాశ్యపుడు అడిగెను. రాజగృహమునకు నాలందకు నడుమ, రాజుగారి విడిదియింట అని చెప్పెను. ఎవరి నిమిత్తమున? సుప్రియుడను పరివ్రాజకుని, బ్రహ్మదత్తుడను బాలుని నిమిత్తమున. ఇట్లు వరుసగా అడిగిరి, వరుసగా చెప్పెను. అడుగనివానికి ఇప్పుడు చెప్పువాని పని వచ్చినది. తనకు తెలిసినదెల్ల చోటు, మనిషి, సందర్భములతో సహా చెప్పెను. తెలియనిదానిని, అడుగలేదని ఒప్పుకొనెను.

మేమును గత శ్రావణమాసమునుండి సాయంకాలములలో నలుగురు పిల్లలకు ఆ శాంతిపర్వమునే చెప్పుచున్నాము. మొదటినాడు పద్యమైనను మొదలుపెట్టకముందే, వారిలో చిన్నవాడు వంగి చూచి, ఈ సున్నలో చుక్క యేమండీ యని అడిగెను. మేము అడుగలేదని చెప్పితిమి. వాడు పెన్సిలు తీసి, తన పుస్తకములో ఆ పద్యము ప్రక్కన ఒక ప్రశ్నార్థకము వేసికొనెను.